కజాన్ వెనకాల పల్లెల్లో

శుక్రవారం, 2025 సెప్టెంబరు 26. ఆర్స్క్

నా ఉద్యోగమంతా ఖమ్మం జిల్లా మండల పరిషత్ ఆఫీసుల్లోనే గడిచింది. అందుకే రష్యాలోని కజాన్‌లో డాక్టరు చదువుతున్న మా అన్నయ్య కూతుర్ని చూడ్డానికి పోయినప్పుడు, అక్కడి కోట, వోల్గా ఒడ్డు చూసేశాక నా మనసు పల్లెల మీదికి పోయింది. ఇక్కడ ఊళ్లను ఎవరు నడుపుతారు? వీధి దీపం పోతే ఎవరితో చెప్పుకోవాలి? ఇట్లా అడుగుతుంటే విని విని, మా అమ్మాయి తన క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసింది. ఆ పిల్ల తాతార్ అమ్మాయి, అంటే ఆ సీమలో ఎక్కువగా ఉండే ముస్లిం జాతి పిల్ల. సొంతూరు ఆర్స్క్ జిల్లాలో. "ఈ శనివారం మా ఇంట్లో ఆలుగడ్డలు తవ్వుతున్నాం, మీ బాబాయ్‌ని తీసుకుని రా" అందట.

కజాన్‌కు ఈశాన్యంగా 65 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆర్స్క్. లోకల్ రైలు టికెట్ రెండు వందల రూబుళ్ల లోపే అయింది. రూబుల్ విలువ అప్పుడు మన రూపాయికి కాస్త అటూ ఇటూ కాబట్టి లెక్క సులువైంది. కిటికీలోంచి చూస్తే నేల అంతా మెల్లగా లేచి దిగే మిట్టలు, వాటిని కోసుకుంటూ పోయిన వాన గండ్లు. బర్చ్ చెట్లు పసుపు పచ్చగా మారిపోయాయి. దక్షిణాన ఉండే నల్లనేల ఇక్కడ లేదు. బూడిద రంగు అడవి నేల, సారం తక్కువ. కజాన్ రాజధానిగా ఉన్న తాతార్‌స్తాన్ రాష్ట్రానికి పేరు తెచ్చిన చమురు కూడా ఇటువైపు లేదు, అది ఆగ్నేయంలో అల్మెత్యెవ్స్క్ చుట్టుపక్కల ఉంది. కాబట్టి ఈ జిల్లా బతుకంతా పాలు, గోధుమ, బార్లీ, పశువులు. ఊళ్లన్నీ వాగుల పక్కనే కనిపిస్తాయి. మిట్టల మీద నీళ్లు లేవు మరి.

తాతార్‌స్తాన్‌లో ఇలాంటి జిల్లాలు 43. ఆర్స్క్ జిల్లా విస్తీర్ణం 1,800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనాభా మాత్రం 50 వేల చిల్లర. అందులో దాదాపు 20 వేల మంది ఆర్స్క్ పట్టణంలోనే ఉంటారు. జనాన్ని బట్టి చూస్తే నేను చివరగా పనిచేసిన మండలమంతే. నేలను బట్టి చూస్తే అట్లాంటి మండలాలు ఏడెనిమిది ఇందులో పడతాయి. మిగతా 30 వేల మంది వందకు పైగా పల్లెల్లో చెదిరి ఉన్నారు. ఇంత తక్కువ మందికి ఇంత దూరం రోడ్డు, గ్యాస్ పైపు, బడి బస్సు ఎట్లా అందిస్తున్నారన్నదే నా ప్రశ్న.

పట్టణంలో దిగగానే ఆకలి. స్టేషన్‌కు కొంచెం దూరంలో ఒక క్యాంటీన్ ఉంది. ట్రే పట్టుకుని వరసలో నడుస్తూ కావలసింది చూపించాలి. మన వీసా, మాస్టర్ కార్డులు 2022 నుంచి రష్యాలో పనిచేయవు కాబట్టి జేబులో నోట్లు ఉండాల్సిందే. కోడి రసంలో సన్నటి సేమ్యా వేసిన తొక్మాచ్ అనే సూప్, ఆలుగడ్డ గుజ్జును మడిచి పెట్టిన కిస్తిబీ రొట్టె, టీ కలిపి ఇద్దరికీ ఏడు వందల రూబుళ్లయ్యాయి. టీ అడిగితే పాలు పోసే ఇచ్చారు! రష్యన్ హోటళ్లలో నల్ల టీ తాగీ తాగీ విసిగిన ప్రాణం లేచొచ్చింది. తాతార్లకు టీ అంటే పాల టీయే.

ఈ ప్రాంతాన్ని వాళ్లు 'కజాన్ అర్తీ' అంటారు, అంటే కజాన్ వెనక సీమ. అదే పేరుతో ఇక్కడ మ్యూజియం ఉంది. ఈ చిన్న పట్టణం ఎన్ని పాలనల కింద మారిందో చూసి ఆశ్చర్యపోయాను. కజాన్‌ను ఏలిన తాతార్ ఖానుల కాలంలో ఇది ఒక సీమకు ముఖ్యస్థానం. 1552లో కజాన్‌ను ముట్టడించినప్పుడు రష్యా జార్ ఇవాన్ సేనలు దీన్నీ పట్టుకున్నాయి. 1781లో తాలూకా పట్టణం చేశారు, తర్వాత ఆ హోదా పోయింది. 1920లో సోవియట్లు కాంటన్ (తాలూకాలాంటి విభాగం) చేశారు, 1930లో కాంటన్లు రద్దు చేసి జిల్లా చేశారు. 1990లో పక్కనున్న అత్నా విడిపోయి వేరే జిల్లా అయింది. ఫిర్కాలు, తాలూకాలు, సమితులు, 1985లో మండలాలు, మొన్న 2016లో కొత్త జిల్లాలు చూసినవాణ్ని కదా, ఆ పటాల ముందు చాలాసేపు నిలబడ్డాను. సరిహద్దు ఎక్కడికి జరిగినా జనం మాత్రం అదే వాగు పక్కన అదే ఊళ్లో ఉన్నారు.

ఇంకో మ్యూజియం పేరు 'అలిఫ్‌బా'. తాతార్ పిల్లల మొదటి వాచకానికి కట్టిన మ్యూజియం ఇది. దశాబ్దాల పాటు బడుల్లో నడిచిన ఆ వాచకాన్ని రాసింది ఆర్స్క్‌లో పాఠాలు చెప్పిన భార్యాభర్తలు, సలాయ్ వగీజొవ్, రెమ్‌జియా వలీతొవా. వెయ్యేళ్లుగా అరబిక్ లిపిలో రాసుకున్న భాషను 1927లో లాటిన్ లిపికి మార్చారు. పన్నెండేళ్లు తిరక్కుండానే, 1939లో, రష్యన్ అక్షరాలకు మార్చారు. తాత రాసిన ఉత్తరాన్ని తండ్రి చదవలేడు, తండ్రి బడి పుస్తకాన్ని కొడుకు చదవలేడు. ఒక్క మనిషి జీవితంలో మన అక్షరాలు రెండుసార్లు మారిపోతే మనకు ఏం మిగిలేదో అని గుండె బరువెక్కింది. 2017 దాకా తాతార్‌స్తాన్ బడుల్లో తాతార్ భాష అందరూ చదవాల్సిందే. ఆ తర్వాత కేంద్రం ఒత్తిడితో ఐచ్ఛికం చేశారు. అక్కడి టీచరమ్మ ఆ మాట చెప్పి, "పట్నంలో తగ్గిపోయింది, మా జిల్లాలో పిల్లలు ఇంట్లోనే మాట్లాడతారు కాబట్టి నిలబడింది" అంది. ఈ జిల్లాలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా తాతార్లే.

స్టేషన్ దగ్గరా, రోడ్డు మీదా సైన్యంలో కాంట్రాక్టుకు చేరమని పెద్ద పెద్ద పోస్టర్లు. జీతం అంకెలు దూరం నుంచే కనపడేంత లావున ఉన్నాయి. ఉద్యోగమని ఏజెంట్లు మోసం చేస్తే మన తెలంగాణ పిల్లలు కూడా ఈ ఉక్రెయిన్ యుద్ధంలోకి వచ్చి పడ్డారు. ఆ పోస్టర్ల కింద మా అమ్మాయితో ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు.

శనివారం, సెప్టెంబరు 27. ఊళ్లో

ఊరి పేరు రాయడం లేదు, ఇంటివాళ్లు వద్దన్నారు. కజాన్‌కా నది పుట్టే వైపున ఉంటుంది. కజాన్ కోట కింద అంత వెడల్పుగా కనిపించే నది ఇక్కడ మోకాలి లోతు. ఈ జిల్లాలోనే పుట్టి, 140 కిలోమీటర్లు పారి వోల్గాలో కలుస్తుంది.

తలుపు దగ్గరే బూట్లు విప్పాలి. లోపల కాళ్లకు వెచ్చటి ఉన్ని సాక్సులు ఇచ్చారు. ఆ ఇంటి పెద్దావిడను ఊరంతా 'అపా' అనే పిలుస్తారు, మేమూ అట్లాగే పిలిచాం. నేను గొడ్డు మాంసం తిననని మా అమ్మాయి ముందే చెప్పిందట. అందుకని బాతు మాంసం, ఆలుగడ్డ, ఉల్లిపాయ కూరి మూడు మూలల ఎచ్‌పొచ్‌మక్‌లు చేసి పెట్టారు. పైన చిన్న రంధ్రం ఉంటుంది, అందులో వేడి మాంసపు రసం పోసి ఇస్తారు. చేత్తోనే తినాలి. నా పళ్లెం ఖాళీ అవుతుంటే అపా ఊరుకోలేదు. 'చాలు' అంటే వినే అలవాటు అక్కడా లేదు. తినడం అయ్యాక ఇంటి పెద్దాయన రెండు అరచేతులూ చాచి దువా చదివితే అందరూ చేతులు ముఖానికి అద్దుకున్నారు. అది అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

ముందు వారం వానలు పడి తవ్వకం వాయిదా పడిందట. చిన్న యంత్రం మన్ను తిరగేస్తూ పోతే, వెనకాల అందరం వంగి ఏరాం. కజాన్ నుంచి ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పక్కింటివాళ్లు వచ్చారు. రేపు వీళ్లు వాళ్ల చేనుకు పోవాలి. కూలి డబ్బు మాటే లేదు, మన బదులు పనే. పెద్దవి నేలమాళిగకు, మధ్యరకం విత్తనానికి, చిన్నవి పశువులకు. మధ్యాహ్నానికి నా నడుము పట్టేసింది, కానీ మానేసి కూర్చోవాలనిపించలేదు. టీలోకి మత్రుష్కా అనే ఎండు ఆకు వేశారు, ఓమ వాసన ఉంటుంది. పక్కనే చక్‌చక్ గుట్ట. పిండి ముక్కలు వేయించి తేనెలో కలిపి అచ్చు పోసింది, మన బూందీ అచ్చులాగే ఉంది. మేం తీసుకుపోయిన నువ్వుల అరిసెలు కూడా ఆ బల్ల మీదే పెట్టారు, సాయంత్రానికి ఒక్కటీ లేదు.

సాయంత్రం ఊరు చుట్టొచ్చాను. వీధి పొడవునా మనిషి ఎత్తులో పసుపు రంగు గ్యాస్ పైపు. గేటు వచ్చిన చోట అది పైకి లేచి, ట్రాక్టరుకు దారి ఇచ్చి మళ్లీ దిగుతుంది. ఇంటింటికీ గ్యాస్ ఉంది. గేట్లు ఆకుపచ్చ, నీలం రంగుల్లో చెక్కడపు పనితో ఉన్నాయి. బాతుల మందలు రోడ్డు దాటేదాకా కార్లు ఆగుతాయి. మసీదు మినార్ పైకప్పు నడిమధ్యలోంచి లేస్తుంది. ఊరి చివర చెట్ల కింద శ్మశానం, దానికి కొత్త ఇనుప కంచె. ఒక చిన్న తెల్ల భవనం మీద ఎర్ర క్రాస్ గుర్తు ఉంది. అక్కడ డాక్టరు ఉండడు, కంపౌండరు కన్నా ఎక్కువ చదివిన ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. మా అమ్మాయి అందులో దూరి అరగంట బయటికి రాలేదు. బీపీ, చక్కెర, గర్భిణుల రిజిస్టరు, మందులు అన్నీ ఆమె ఒక్కతే చూస్తుందట.

శ్మశానం కంచె ఎవరు వేయించారని అడిగాను. "మేమే, ఓటేసి" అన్నాడు పెద్దాయన. ఆ మాట పట్టుకుని రాత్రి స్నానాల గదికి పిలిచేదాకా ఆయన్ను వదల్లేదు.

తాతార్‌స్తాన్‌లో 2013 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఈ ఏడు తలా ఎంత వేసుకుందాం, ఆ డబ్బుతో ఏం చేసుకుందాం అని ఊరివాళ్లు రెఫరెండం పెట్టుకుని ఓటేస్తారు. మెజారిటీ ఒప్పుకుంటే ఓటు హక్కున్న ప్రతి మనిషీ కట్టాలి. జనం వేసిన ప్రతి రూబుల్‌కు రాష్ట్రం నాలుగు రూబుళ్లు కలుపుతుంది. నాలుగొందల మంది తలా 500 ఇస్తే రెండు లక్షలు, సర్కారు ఎనిమిది లక్షలు కలిపితే పది లక్షలవుతుంది. కంకర రోడ్డు, వీధి దీపాలు, నీళ్ల పైపు, శ్మశానం కంచె ఇట్లా వచ్చినవే. పని పేరు ఓటు కాగితం మీదే ఉంటుంది కాబట్టి దాన్ని తీసుకుపోయి ఇంకోదానికి ఖర్చు పెట్టలేరు.

మన దగ్గర 1997లో జన్మభూమి మొదలైనప్పుడు ప్రజల వాటా కోసం నేనూ ఊళ్లు తిరిగాను. చాలాచోట్ల ఆ వాటాను కాంట్రాక్టరే కట్టేసేవాడు. జనం చేతి నుంచి రాని డబ్బుకు జనం కాపలా ఉండదు. ఇక్కడ ఆ పెద్దాయన గత మూడేళ్లలో ఏ ఏడు దేనికి ఓటేశాడో, మిగిలిన చిల్లర ఎంతో కూడా చెప్పగలిగాడు.

ఆదివారం, సెప్టెంబరు 28. కీర్లాయ్

తాతార్లకు గబ్దుల్లా తుకాయ్ ఎంతటి కవో మా అమ్మాయి స్నేహితురాలి కళ్లలోనే కనిపించింది. ఆయన పేరెత్తగానే ఆమె గొంతు మారింది. 1886లో ఈ జిల్లాలోని కొష్లావిచ్ అనే ఊళ్లో పుట్టి, 1913లో 26 ఏళ్లకే కజాన్‌లో క్షయతో పోయాడు. నాలుగేళ్లు నిండే లోపే తల్లీ తండ్రీ ఇద్దరూ లేకుండా పోయారు. కజాన్ సంతలో 'అనాథ పిల్లాణ్ని ఎవరు తీసుకుంటారు' అని బండివాడు కేక వేస్తే ఒక ఇంటివాళ్లు తీసుకున్నారు. వాళ్లకు జబ్బు చేసి తిరిగి పంపేశారు. చివరికి నోవీ కీర్లాయ్‌లో సగ్దీ అనే రైతు ఇంట 1892 నుంచి 1895 దాకా పెరిగాడు. దుక్కి, కోత, బడి అన్నీ అక్కడే నేర్చుకున్నాడు.

అక్కడికే బయల్దేరాం. మొబైల్ ఇంటర్నెట్ ఆ వారమంతా ఉండీ ఉండక సతాయించింది, మ్యాపు లేదు. టాక్సీ కుర్రాడు 'కీర్లాయ్' అన్న మాట ఒక్కటే విని పాత కీర్లాయ్‌కు తీసుకుపోయాడు. పాతదీ కొత్తదీ వేరు వేరు ఊళ్లు. అక్కడ రోడ్డు మీద ఆవును తోలుకుపోతున్న ఒక ముసలామె మా మాట విని నవ్వి, ఇంత దూరం వచ్చినవాళ్లను టీ ఇవ్వకుండా పంపనంది. ముగ్గురికీ వేడి పాల టీ, నల్ల ద్రాక్ష జామ్. ఇండియాలో ఆవును ఎట్లా చూసుకుంటారని ఆమె అడిగిన ప్రశ్నలకు సమాధానం చెప్పేసరికి ముప్పావు గంట. డ్రైవర్ అదనంగా ఒక్క రూబుల్ కూడా అడగలేదు, ముందు చెప్పిన ఎనిమిది వందలే తీసుకున్నాడు.

కొత్త కీర్లాయ్‌లో సగ్దీ ఇల్లు, మ్యూజియం, చెరువు, పార్కు ఉన్నాయి. తుకాయ్ 1907లో రాసిన 'షురాలె' కథ ఈ ఊరి అడవిలోనే జరుగుతుంది. మనుషులకు గిలిగింతలు పెట్టి చంపే కొమ్ము దయ్యాన్ని కట్టెలు కొట్టుకునే కుర్రాడు మాటతో బోల్తా కొట్టించి, దాని వేళ్లు దుంగ చీలికలో ఇరికిస్తాడు. బకీ ఉర్మాంచె అనే శిల్పి చెక్కిన షురాలె బొమ్మ దగ్గర బడి పిల్లలు వరసగా నిలబడి ఆ పద్యం మొత్తం చూడకుండా చెప్పారు. చెప్పమన్న టీచరు లేదు, ఫొటో తీసేవాళ్లూ లేరు. వాళ్లలో వాళ్లు పోటీ పడి చెబుతున్నారు, ఒకడు తప్పితే ఇంకొకడు అందుకుంటున్నాడు. సగ్దీ ఇంట్లో చెక్క మంచం, పొయ్యి, గోడకు వేలాడే ఉయ్యాల చూశాక కన్నా, ఆ పిల్లల దగ్గరే నాకు తుకాయ్ అర్థమయ్యాడు.

సోమవారం, సెప్టెంబరు 29. పంచాయతీ ఆఫీసు

రైలు మధ్యాహ్నం. పొద్దున్నే పెద్దాయన నన్ను గ్రామ పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయాడు. క్లబ్బు భవనంలో రెండు గదులు. బోర్డు తాతార్‌లోనూ రష్యన్‌లోనూ ఉంది. లోపల ఒక ఆవిడ ఉంది, ఆమే పంచాయతీ అధ్యక్షురాలు. ఇంకొక ఉద్యోగి ఆమెకు సాయం. ఈ పంచాయతీ కింద కొన్ని పల్లెలున్నాయి. ప్రజలు సభ్యులను ఎన్నుకుంటే, సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షులుగా ఎన్నుకుంటారు. ఈ అధ్యక్షులూ, పంచాయతీల నుంచి పంపిన సభ్యులూ కలిసి జిల్లా మండలి అవుతారు. మన పాత పంచాయతీ సమితుల్లో సర్పంచులే సభ్యులుగా ఉండేవాళ్లు, అదీ ఇట్లాంటిదే. ఊరి బాధ తెలిసినవాడే పై మీటింగ్‌లో కూర్చుంటాడు. ఈ సెప్టెంబరు 14నే ఎన్నికలు ముగిశాయి. రాష్ట్రాధినేత రుస్తం మిన్నిఖానొవ్ పోస్టర్లు ఇంకా గోడల మీదే ఉన్నాయి. ఆయన కూడా 1990ల మొదట్లో ఈ ఆర్స్క్ జిల్లా పాలనలో పనిచేసి పైకి పోయినవాడే.

అన్నీ తేనెలు పారుతున్నాయని నేను అనను. పంచాయతీ సొంత ఆదాయం చాలా తక్కువ, చాలా భాగం పై నుంచే రావాలి, పైవాళ్ల మాట కాదనడం కష్టం. పోటీ చేసేవాళ్లూ ఎక్కువమంది లేరు. మార్చిలో మాస్కోలో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం గ్రామ స్థాయి పంచాయతీలను ఎత్తేసి జిల్లా స్థాయి ఒక్కటే ఉంచుకోవచ్చు. తాతార్‌స్తాన్ గట్టిగా అడ్డుపడింది, రెండు స్థాయిలూ ఉంచుకునే హక్కు ప్రాంతాలకు మిగిలింది. "ఈ గది పోతే మా ముసలివాళ్లు సర్టిఫికెట్ కోసం బస్సెక్కి ఆర్స్క్ పోవాలి. శీతాకాలంలో మంచు తీయమని ఎవరికి ఫోన్ చేస్తారు?" అంది ఆవిడ.

మీ దగ్గర ఎట్లా అని అడిగింది. మా ఊళ్లలో 2024 ఫిబ్రవరి నుంచి అప్పటిదాకా సర్పంచులు లేరని, పదవీకాలం అయిపోయినా ఎన్నికలు పెట్టలేదని, ఒక్కో ఆఫీసరు వేరే ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లను కూడా చూస్తున్నాడని చెప్పాను. మా అమ్మాయి, ఆమె స్నేహితురాలు రెండు భాషలు దాటించి చెప్పేసరికి ఆవిడ ముఖం చూసి, సరిగ్గా చెప్పారా అని నేనే మళ్లీ అడిగాను. "మరి వీధి దీపానికి సంతకం ఎవరు పెడతారు?" అంది. ఆ ఆఫీసరే అన్నాను. "ఆయన ఆ ఊళ్లో రాత్రిపూట నడిచాడా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చాక మా మండలంలో ఇంకా ఉద్యోగంలో ఉన్న ఇద్దరికి ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడిగాను. వాళ్లూ ఊరుకున్నారు.

బల్ల మీద రాబోయే ఓటుకు పనుల జాబితా ఉంది. పై వీధికి కంకర, బడి వైపు ఆరు దీపాలు, కజాన్‌కా మీద నడక వంతెన. ఇప్పుడున్న చెక్క వంతెన పలకలు కుళ్లిపోయాయి, శనివారం దాని మీద మేమూ భయంగానే నడిచాం. మూడింట్లో ఒకటే కుదురుతుంది. తలకు 500 ఉంచాలా, 700 చేయాలా అన్నదాని మీద ఊళ్లో ఇంకా వాదన నడుస్తోంది. పింఛన్ల మీద బతికేవాళ్లు 500 దాటొద్దంటున్నారు. పెద్దాయన ఓటు వంతెనకే. అపా ఓటు మాత్రం బడి దీపాలకట.